చుక్కికి మట్టి నేల: ఒక లెపర్డ్ గెకో ఇంటి డైరీ

సెప్టెంబరు, రెండో వారం

మా అమ్మాయి క్లాస్‌మేట్ వాళ్ళు వేరే రాష్ట్రానికి మారిపోతూ తమ లెపర్డ్ గెకోని, అంటే ఒక రకం పెంపుడు బల్లిని, మాకు అప్పజెప్పి వెళ్ళారు. ఆడది, నాలుగేళ్ళుంటాయట. పసుపు ఒంటి నిండా నల్ల చుక్కలు, బొద్దుగా తోక. పేరు కోసం అమ్మాయి ఎక్కువ ఆలోచించలేదు: చుక్కి. దానితోపాటు వచ్చిన సామాను ఇది: 36 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 18 ఎత్తు ఉన్న గాజు ట్యాంకు, అడుగున బయటివైపు అంటించిన హీట్ మ్యాట్, లోపల పచ్చ కార్పెట్, ఇంకా విప్పని ఒక సంచి కాల్షియం ఇసుక.

మేముండేది డల్లాస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కోలో. నా ఉద్యోగం కూడా మట్టితోనే. ఇళ్ళ పునాదుల కింద నేల ఎలాంటిదో పరీక్షలు చేయించి రిపోర్టు రాయడం. అందుకని పనులు పంచుకునేటప్పుడు తిండి, ఫోటోలు అమ్మాయి తీసుకుంది, ట్యాంకు అడుగున ఏం పరవాలన్న బాధ్యత నా నెత్తిన పడింది.

కార్పెట్ మొదటి రోజే తీసేశాను. ఆ పోగుల్లో గోళ్ళు చిక్కుకుంటే వేళ్ళు దెబ్బతింటాయి. ఎంత ఉతికినా లోపలి మురికి పూర్తిగా పోదు. ప్రస్తుతానికి కిచెన్ పేపర్ టవల్ పరిచాను. చూడ్డానికి ఆసుపత్రి మంచంలా ఉందని అమ్మాయి మొహం మాడ్చుకుంది.

అమ్మ ఒంగోలు నుంచి వచ్చి మాతోనే ఉంటోంది. "చీపురు పుచ్చుకుని తరిమే జీవానికి గాజు మేడ కడతావేంట్రా?" అని నవ్వింది. కంచిలో బంగారు బల్లిని తాకి వచ్చిన మనిషి, భయమైతే లేదు. ఇంట్లో తిరిగే బల్లిలాంటిది కాదమ్మా అని దగ్గరగా చూపించాను. దీనికి కనురెప్పలున్నాయి, కన్ను మూసి తెరుస్తుంది. వేళ్ళకి అంటుకునే మెత్తలు లేవు, గోళ్ళే. గోడ ఎక్కలేదు, గాజు అసలే ఎక్కలేదు. పైకప్పు నుంచి మీద పడే ప్రసక్తి లేదు కాబట్టి పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు వెతకాల్సిన పని కూడా లేదు.

సెప్టెంబరు, ఆఖర్లో

మట్టి ఇప్పుడే ఎందుకు వేయలేదో రాసుకుంటున్నాను, ఎందుకంటే రోజూ అదే ప్రశ్న వస్తోంది.

కొత్తగా వచ్చిన జంతువు లోపల ఏముందో తెలియదు. పేపర్ మీద అయితే మలం ఎలా ఉంది, ఎంత ఉంది, తిన్నది అరుగుతోందా అన్నది స్పష్టంగా కనిపిస్తుంది. పురుగులున్నాయని తేలితే పేపర్ చుట్టి పారేస్తే సరిపోతుంది. మట్టి వేశాక తేలితే మట్టంతా పారబోయాలి. పైగా ఈ జాతిలో క్రిప్టోస్పోరీడియం అనే పరాన్నజీవి ఒకటి ఉంటుంది. తోక సన్నగా పుల్లలా అయిపోయి, జంతువు చిక్కి చచ్చిపోతుంది. మామూలు బ్లీచ్‌తో అది చావదు. అలాంటిది మట్టిలోకి దిగితే ఆ పెట్టె మీద ఆశ వదులుకోవాల్సిందే.

సరీసృపాలు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. మలపరీక్షలో కొద్దిగా పిన్‌వార్మ్స్ అనే పేగు పురుగులు కనిపించాయి, మందు ఇచ్చారు. క్రిప్టో లేదు. నేను మట్టి గురించి అడగబోతే డాక్టర్ ఎదురు ప్రశ్నలు వేశారు. వెచ్చటి వైపు నేల ఎంత వేడిగా ఉంది? కాల్షియం ఎలా ఇస్తున్నారు? అందులో విటమిన్ డి3 ఉందా? నీళ్ళు తాగుతోందా? ఇవన్నీ అయ్యాకే "సరే, ఏం పరుస్తారు?" అన్నారు.

ఆ వరుస నాకు నచ్చింది. ఇసుక తిని పేగుల్లో అడ్డం పడి చనిపోయిన గెకో కథ ఈ పెంపకంలోకి వచ్చిన ప్రతివాళ్ళూ మొదటి వారంలోనే వింటారు. దాంతో ఏ సంచి సేఫ్ అన్నదొక్కటే పెద్ద టెన్షన్ అయిపోతుంది. కానీ ఆరోగ్యంగా ఉన్న పెద్ద గెకో కీచురాయితోపాటు రెండు రేణువులు మింగితే అవి బయటికి వచ్చేస్తాయి. నేల చల్లగా ఉంటే అరుగుదల మందగిస్తుంది, ఒంట్లో నీరు తక్కువైతే పేగు కదలిక తగ్గుతుంది, కాల్షియం తక్కువైతే జంతువు కావాలనే మట్టి నాకుతుంది. ఈ మూడింటిలో ఏదున్నా మంచి మట్టి కూడా ప్రమాదమే. పిల్ల గెకోలు, జబ్బు చేసినవి, కొత్తగా వచ్చినవి వేరే లెక్క, వాటికి పేపరే. చుక్కి రెండో పరీక్ష క్లియర్ అయ్యేదాకా మేమూ పేపర్ మీదే.

అక్టోబరు, మొదటి వారం

సంచుల సంగతి తేల్చుకున్న వారం ఇది.

ముందు కాల్షియం ఇసుక. మింగినా అరిగిపోతుందని సంచి మీద రాసి ఉంది. ఒక చెంచాడు గ్లాసులో వేసి వెనిగర్ పోస్తే బుసబుసా పొంగింది. అంటే కాల్షియం కార్బొనేట్ మాట నిజమే. వెనిగర్ పని చేసింది కాబట్టి కడుపులో ఆమ్లమూ పని చేస్తుందని వాళ్ళ వాదన కావచ్చు. కానీ అదే కార్బొనేట్ కడుపులో ఆమ్లాన్ని విరిచేస్తుంది కూడా, మనం గ్యాస్‌కి వేసుకునే మాత్రలు చేసే పని అదే. అమ్మాయి ఇంకో చెంచాడు మూతలో వేసి నీళ్ళు చిలకరించి ఎండబెట్టింది. మర్నాటికి గడ్డకట్టింది. తడి పేగులో అదేం చేస్తుందో ఇక చెప్పక్కర్లేదు. కాల్షియం తక్కువైన గెకోకి ఆ రుచి తగిలితే ఇంకా నాకుతుంది. ఆ సంచి పెరట్లో కుండీల కిందికి పోయింది.

వాల్‌నట్ చిప్పల పొడి: భూతద్దం కింద చూస్తే అంచులు కోసుగా ఉన్నాయి. వద్దు. మొక్కజొన్న బెండు ముక్కలు: తడి తగిలితే ఉబ్బుతాయి, బూజు పడతాయి. వద్దు. సెడార్, పైన్ చెక్కపొట్టు: వాటి ఘాటైన నూనెలు ఊపిరికి మంచివి కావు. ఇక్కడ సెడార్ పేరుతో అమ్మేదాంట్లో చాలాభాగం నిజానికి జూనిపర్ జాతి చెట్టుది. ఏదైనా గాజు పెట్టెలో మూసి ఉంచాల్సిన వాసన కాదు అది.

కొబ్బరి పొట్టు దగ్గర కొంచెం ఆగాను. ఇటుకల్లా అచ్చుపోసి అమ్ముతారు, నీళ్ళలో వేస్తే ఉబ్బి బకెట్ నిండుతుంది. అట్ట మీద ఇండియా పేరు చూసి అమ్మ "మన కోనసీమదేమో" అని మురిసిపోయింది. వస్తువు మంచిదే, కాకపోతే మొదట నీళ్ళలో బాగా కడగాలి, ఉప్పు ఉండే అవకాశం ఎక్కువ. కానీ అది తేమ పట్టి ఉంచడానికి పుట్టిన పదార్థం. వాన అడవుల జీవులకి, క్రెస్టెడ్ గెకోలాంటివాటికి, సరిపోతుంది. ఎండనిస్తే దుమ్ము రేగుతుంది. పొడిగా ఉండాల్సిన లెపర్డ్ గెకో ట్యాంకులో ఒక్కదాన్నే నేలంతా పరవడానికి అది పనికిరాదు.

ఇంతకీ ఇది పుట్టిన నేల ఎలాంటిది? అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, మన దేశంలో వాయవ్య భాగం. ఎడారి జంతువు అనగానే చాలామంది ఇసుక దిబ్బలు ఊహించుకుంటారు. ఇది ఉండేది రాళ్ళు, గులకరాళ్ళు, గట్టిపడిన బంకమట్టి, అక్కడక్కడా తుప్పలు ఉన్నచోట. పగలు రాతి సందుల్లో, కన్నాల్లో ఉండి చీకటి పడేవేళ బయటికొస్తుంది. కాబట్టి కావలసింది వదులు ఇసుక కాదు. గోకితే కొద్దిగా రాలాలి, నడిస్తే కూరుకుపోకూడదు, కన్నం తవ్వితే కూలకూడదు.

టైల్స్ వేసేస్తే పోయేది కదా అని మా ఆవిడ అంది. నిజానికి అది చెడ్డ సలహా కాదు. గరుకు స్లేట్ టైల్ వేడిని బాగా అందిస్తుంది, గోళ్ళని అరగదీస్తుంది, తుడిస్తే శుభ్రం. మొదటిసారి పెంచేవాళ్ళు ఎవరు అడిగినా నేను టైలే చెప్తాను. తవ్వుకోవడానికి ఒక డబ్బాలో మట్టి విడిగా పెడితే చాలు. మేము మట్టి వైపు వెళ్తున్నది చుక్కి రోజూ పేపర్ మూలల్ని గోకి గోకి పైకి లేపుతోంది కాబట్టి. ఇంట్లో మట్టి పిచ్చోడు ఒకడున్నాడు కాబట్టి కూడా.

అక్టోబరు, మధ్యలో

ఇవాళంతా వేడి గురించే. మట్టి గురించి రాయాల్సిన డైరీలో ఇదెందుకంటే, మట్టి వేస్తే అడుగునున్న హీట్ మ్యాట్ పనికిరాకుండా పోవడమే కాదు, ప్రమాదకరం అవుతుంది.

పొడి మట్టి వేడిని సరిగ్గా పోనివ్వదు. గాజు కింద మ్యాట్, పైన మూడు అంగుళాల మట్టి ఉంటే పై నేల చల్లగానే ఉంటుంది. థర్మోస్టాట్ ప్రోబ్ (వేడిని కొలిచే తీగ) పైన ఉంటే "ఇంకా చాలలేదు" అనుకుని మ్యాట్‌ని ఆపకుండా నడిపిస్తుంది. వేడంతా గాజు దగ్గర పోగుపడుతుంది. గెకో సహజంగా చల్లదనం కోసం కిందికి తవ్వుతుంది, ఇక్కడ కిందికి పోయేకొద్దీ కాలుతుంది. అడుగు గాజు పగిలే అవకాశం కూడా ఉంది.

అందుకని మ్యాట్ తీసేసి పైనుంచి హాలోజన్ ఫ్లడ్ బల్బు పెట్టాను, డిమ్మింగ్ థర్మోస్టాట్‌తో. ఎండ కూడా పైనుంచే కదా వచ్చేది. బల్బు కింద ఒక పలక రాయి. ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్‌తో కొలిస్తే రాయి మీద 92 డిగ్రీల ఫారెన్‌హీట్ రావాలి, అంటే 33 సెంటీగ్రేడ్ చిల్లర. చల్లటి వైపు 75 దగ్గర. రాత్రి బల్బు ఆరిపోతుంది, గది 68కి దిగినా పర్వాలేదు. తక్కువ శక్తి యూవీబీ ట్యూబు (ఒంట్లోనే డి3 తయారయ్యేలా చేసే దీపం) కూడా ఒకటి తగిలించాను. డి3 పొడి మీదే పూర్తిగా ఆధారపడటం నాకిష్టం లేదు.

ఈ అమరిక అంతా పేపర్ టవల్ మీదే నడిపి చూశాను. అంకెలు కుదిరాకే మట్టి.

అక్టోబరు, ఆఖరి వారాంతం

అసలు సరదా ఇవాళ మొదలైంది.

పెరట్లోనే ఇంత మట్టి ఉండగా కొనడమేంటి అని అమ్మ. ప్రశ్న న్యాయమైనదే. మా చుట్టుపక్కల నేలని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. మన నల్లరేగడికి చుట్టమే. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుని, పిడికిలి పట్టేంత పగుళ్ళిస్తుంది. ఈ ప్రాంతంలో వేసవిలో జనం ఇంటి పునాది చుట్టూ నీళ్ళ పైపులు పరుస్తారు, నేల ఎండి ఇల్లు ఒరిగిపోకుండా. నా జీతం వస్తున్నది ఆ పగుళ్ళ పుణ్యాన్నే. పైగా పచ్చికకి వేసిన ఎరువులు, కలుపు మందులు, ఎర్ర చీమల మందు అన్నీ పెరటి మట్టిలోనే ఉంటాయి. అవి కడిగితే పోయేవి కావు. పెట్టెలోకి రానివ్వను కానీ పరీక్షకి మాత్రం ఒక ముద్ద తెచ్చాను.

కొన్నవి: ఎరువులు, పెర్లైట్ (కుండీ మట్టిలో కలిపే తెల్ల గుళికలు), పశువుల ఎరువు ఏవీ కలపని టాప్‌సాయిల్, అంటే తోటకి వేసే పైమట్టి, ఒక సంచి, 0.75 ఘనపుటడుగులు. కడిగిన ప్లే శాండ్ (పిల్లలు ఆడుకునే ఇసుక) 50 పౌండ్ల సంచి, అది అర ఘనపుటడుగు. సరీసృపాల కోసమే అమ్మే ఎక్స్‌కవేటర్ క్లే అనే బంకమట్టి కొద్దిగా. టాప్‌సాయిల్ కొనేటప్పుడు సంచి వెనకవైపు చదవాలి. కొన్నిట్లో తేమ పట్టి ఉంచే రసాయన గుళికలు కలుపుతారు. ఈ సంచిలో చెక్క పెచ్చులు బాగానే ఉన్నాయి. పావు అంగుళం కన్నాల జల్లెడ పట్టి తీసేశాను.

జాడీ పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క. గట్టిగా కుదిపి బల్ల మీద పెట్టాలి. ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక అడుగుకి చేరుతుంది. రెండు గంటల్లో ఒండ్రు దాని మీద పేరుకుంటుంది. బంకమట్టి దిగడానికి ఒక రోజో అంతకన్నా ఎక్కువో పడుతుంది. ఆకు పెంట పైన తేలుతుంది. మర్నాడు చూస్తే టాప్‌సాయిల్ జాడీలో బంకమట్టి పొర కాగితం మందాన ఉంది. అంటే ఇది ఇసుకతో కలిపినా ఎండాక పొడిపొడిగా రాలిపోతుందని ముందే తెలిసిపోయింది. పెరటి మట్టి జాడీలో నీళ్ళు మాత్రం మూడో రోజు కూడా మురుగ్గానే ఉన్నాయి.

తర్వాత అల్యూమినియం ట్రేలలో అచ్చులు పోశాం. అమ్మాయి మార్కర్‌తో అక్షరాలు రాసింది.

"అ": టాప్‌సాయిల్ 70, ఇసుక 30. "ఆ": 60, 40. "ఇ": టాప్‌సాయిల్ 55, ఇసుక 30, ఎక్స్‌కవేటర్ క్లే 15. "ఈ": పెరటి నల్లమట్టి, కేవలం పోలిక కోసం.

కలిపేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకున్నాం, ముందే నీళ్ళు చిలకరించాం. ఇసుకలోంచి లేచే సన్నటి సిలికా దుమ్ము గెకో కన్నా ముందు మన ఊపిరితిత్తులకి హాని. ఎంత నీళ్ళు పోయాలన్నదానికి మా వృత్తిలో ఒక పరీక్ష ఉంది, 1933 నుంచి వాడుకలో ఉన్న ప్రాక్టర్ టెస్టు. ఏ మట్టికైనా అది గరిష్ఠంగా గట్టిపడే తేమ ఒకటుంటుంది. అంతకన్నా పొడిగా ఉంటే అణగదు, ఎక్కువ తడిస్తే బురదవుతుంది. ఇంట్లో ల్యాబ్ లేదు కాబట్టి పిడికిలే. పిడికెడు తీసుకుని నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు రాకూడదు, నడుము ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలవ్వాలి.

నేను ఈ ఉపన్యాసం ఇస్తుండగానే అమ్మ చేత్తో పిసికి "ఇంకాస్త నీళ్ళు పొయ్యి" అంది. పోశాను. సరిగ్గా కుదిరింది. చిన్నప్పుడు ఊళ్ళో ఎన్ని అరుగులు అలికిందో!

నవంబరు, మొదటి వారం

ట్రేలు ఫ్యాను కింద ఎండాయి. "అ" వేలితో తాకితే దుమ్ము. "ఆ" కొంచెం నయం, కానీ చెంచా పట్టి కన్నం చేస్తే కప్పు కూలిపోయింది. "ఇ" గోటితో గీస్తే సన్నగా రాలింది, కన్నం నిలబడింది, ట్రే తిరగేస్తే అచ్చులోంచి ఒక్క ముక్కగా వచ్చింది. "ఈ" ఊహించినట్టే పలకలు పలకలుగా పగిలింది, ట్రే అంచు నుంచి వేలు దూరేంత వెనక్కి జరిగింది.

బంకమట్టి పాలు పెంచుతూ పోతే ఇంకా గట్టిగా వస్తుంది కదా అని అమ్మాయి అడిగింది. వస్తుంది, కాకపోతే సిమెంటు అవుతుంది. చుక్కి తవ్వలేదు. విడిగా బంకమట్టి పొడి కొనాలనుకునేవాళ్ళు బెంటొనైట్ జోలికి పోవద్దు. మా పెరటి మట్టిని ఉబ్బించే ఖనిజమే అందులోనూ ఉంది. కేయోలిన్ అనే రకం అంతగా ఉబ్బదు.

అమ్మ సలహా ఇంకొకటి: గోడమట్టిలో కలిపినట్టు ఊక కలిపితే పగుళ్ళు రావని. ఇంజనీరింగ్ ప్రకారం నూటికి నూరుపాళ్ళు రైటు, నార అంతా కలిసి పట్టి ఉంచుతుంది. ఇక్కడ మాత్రం ఊక తడిస్తే బూజు, పురుగుతోపాటు నోట్లోకి పోతే అరగని ముక్క. పేడ సంగతి అమ్మే తీసేసింది, "మీ అమెరికా ఆవుల పేడ నమ్మకూడదులే" అని.

"ఇ" ఖాయం.

నవంబరు, మూడో వారం

చుక్కి రెండో మలపరీక్ష క్లియర్. మట్టి వేశాం.

బరువు లెక్క ముందు చూసుకోవాలి. 36, 18, 3 అంగుళాలు అంటే సుమారు 1.1 ఘనపుటడుగులు. ఎండాక కూడా వంద పౌండ్లకి అటూ ఇటూ, అంటే ఒక సన్నటి మనిషిని పెట్టెలో పడుకోబెట్టినట్టు. పుస్తకాల అర మీద పెట్టే పని కాదు. గట్టి చెక్క స్టాండు మీదికి మార్చాం. ఇంకో సంగతి, ఇసుక రేణువులు మట్టి సందుల్లోకి దూరిపోతాయి కాబట్టి విడివిడిగా కొలిచిన ఘనపరిమాణాలు కలిపాక తగ్గుతాయి. సంచుల లెక్క సరిగ్గా మూడు అంగుళాలకి వేసుకుంటే చివర్లో తక్కువొస్తుంది. ఒకటింపావు రెట్లు కలుపుకోవాలి.

మట్టి కన్నా ముందు రాళ్ళు. ఇది ఎన్నిసార్లు రాసినా తక్కువే. బరువైన రాయి ఏదైనా పెట్టె అడుగు గాజు మీద ఆనాలి, ఆ తర్వాత చుట్టూ మట్టి నింపాలి. మట్టి మీద రాయి పెడితే గెకో దాని కిందికి తవ్వుతుంది, రాయి దాని మీదికి దిగుతుంది. గాజుకీ రాయికీ మధ్య గీతలు పడకుండా పల్చటి రబ్బరు ముక్కలు వేశాను. బల్బు కింద పలక రాయిని నాలుగు చిన్న రాళ్ళ మీద నిలబెట్టి, కింద ఖాళీ ఉంచాను. అదే వెచ్చటి గుహ.

తర్వాత తడి మట్టి అంగుళం చొప్పున పోసి, ఇటుక ముక్కతో దిమ్మిస కొట్టి, పైపైన గీకి, మళ్ళీ అంగుళం. చల్లటి వైపు ఒక అట్ట గొట్టం ఏటవాలుగా పాతిపెట్టి, మట్టి సగం గట్టిపడ్డాక తిప్పుతూ లాగేస్తే సొరంగం తయారైంది. మధ్యలో మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, దానికి గుండ్రటి ద్వారం, లోపల తడి స్ఫాగ్నం నాచు. కుబుసం విడిచేటప్పుడు ఆ తేమ గూడు లేకపోతే వేళ్ళ చివర తొక్క బిగుసుకుపోయి వేళ్ళే ఊడిపోతాయి. పొడి నేల వేసినవాళ్ళు దీన్ని అస్సలు వదలకూడదు.

బల్బు వేసి, ఫ్యాను పెట్టి, మూత తీసి ఆరబెట్టాం. తేమ మీటరు 70 శాతం నుంచి మెల్లగా దిగి 40 దగ్గర నిలబడేదాకా చుక్కి పేపర్ పరిచిన ప్లాస్టిక్ టబ్బులోనే ఉంది. గోడల వెంట రెండు సన్న పగుళ్ళు వచ్చాయి. తడి మట్టి పూసి అలికేశాను. ఆ అలికే పని నా చేతిలోంచి లాక్కుని అమ్మే పూర్తి చేసింది.

డిసెంబరు

మట్టి మీద దిగగానే చుక్కి చేసిన మొదటి పని నేలని నాకడం. అమ్మాయి హడలిపోయింది. కొత్త చోటుని అవి వాసన, రుచితోనే గుర్తుపడతాయి, నాలుగు నాకులు మామూలే. రోజుల తరబడి అదే పనిగా మట్టి తింటుంటే మాత్రం కాల్షియం, వేడి చూసుకోవాలి. మలం ఆగిపోయి, పొట్ట ఉబ్బి, వెనక కాళ్ళు ఈడుస్తుంటే ఇంట్లో వైద్యం చేయకుండా డాక్టర్ దగ్గరికే. మేము ఇప్పుడు కూడా డుబియా బొద్దింకల్ని నున్నటి గిన్నెలో వేస్తున్నాం, కీచురాళ్ళని పటకారుతో అందిస్తున్నాం. మట్టి తక్కువ నోట్లోకి పోతుంది, ఎన్ని తిన్నదో లెక్కా తెలుస్తుంది.

నేను చేసిన సొరంగాన్ని అది పట్టించుకోలేదు. పలక రాయి పక్కనే సొంతంగా ఒకటి తవ్వుకుంది. ఆ తవ్విన మట్టి నీళ్ళ గిన్నెలో పోస్తుంది. దానికి నా దగ్గర ఉపాయం లేదు, గిన్నె రోజూ కడగడమే.

లెపర్డ్ గెకోలు సాధారణంగా ఒకే మూలని దొడ్డిగా వాడతాయి. చుక్కి చల్లటి వైపు వెనక మూల ఎంచుకుంది. అక్కడ మట్టి తీసి చిన్న స్లేట్ టైల్ పాతాను. శుభ్రం చేయడం సగం తేలికైపోయింది. తీసి కడిగి పెట్టడమే, వంటింటి సింకులో కాదు, గ్యారేజీలో. పెట్టెలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్న సరీసృపం ఒంటి మీద కూడా సాల్మొనెల్లా ఉండొచ్చు. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో వీటిని పెంచొద్దని ఇక్కడి ఆరోగ్యశాఖ సలహా. చుట్టపు చూపుగా చంటిపిల్లలు వస్తే ఆ గది తలుపు వేసేస్తున్నాం.

మట్టిలో ఐసోపాడ్లు, స్ప్రింగ్‌టెయిల్స్ అనే చిన్న చిన్న నేల జీవుల్ని వదిలి, మలాన్ని అవే తినేసేలా చేసే పద్ధతి ఇప్పుడు బాగా నడుస్తోంది. ఆలోచించి వదిలేశాను. వాటికి ఎప్పుడూ కొంత తేమ కావాలి, మన జంతువుకి పొడి కావాలి. ఆ రెండింటినీ ఒకే పెట్టెలో కుదర్చడం నేర్పున్నవాళ్ళ పని. టైల్ ఉండగా నాకు ఆ బాధ లేదు.

పాడేరులో ఉన్న మా బావమరిది ఒక ఫోటో పంపాడు. రాత్రి బండి లైటు వెలుగులో ముదురు గోధుమరంగు ఒళ్ళు, లేత పసుపు పట్టీలు. "బావా, మీ ఇంట్లోది ఇక్కడికెలా వచ్చింది?" అని. అది చుక్కి జాతి కాదు, తూర్పు కనుమల్లో ఉండే దాని బంధువు, యూబ్లెఫారిస్ హార్డ్‌వికీ. దానికీ కనురెప్పలుంటాయి. విషం లేదు. చాలాచోట్ల విషపురుగు అనుకుని చంపేస్తారు. పట్టుకుని పెంచడం మన వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, పక్కకి తప్పుకుని పోనివ్వమన్నాను. "మీరు పెంచితే ముద్దు, మేం పెంచితే జైలా!" అన్నాడు. ఇక్కడ ఇవి తరతరాలుగా పెంపకంలోనే పుట్టినవి, అడవిలోంచి తెచ్చినవి కావు అని చెప్పాను. అయినా ఆకులు రాలే తడి అడవిలో బతికే దానికి నా పొడి మట్టి ఒంటికి పడదు.

ఫిబ్రవరి

నేల నిలబడింది. బల్బు కింద పైపొర కొంచెం పొడిపొడిగా అయితే నీళ్ళు చిలకరించి చేత్తో అదిమితే మళ్ళీ పట్టుకుంటోంది. చుక్కి మొన్న కుబుసం విడిచింది, వేళ్ళన్నీ శుభ్రంగా వచ్చాయి. బరువు వంటింటి తూకంలో (దీనికోసం విడిగా కొన్నదే, మా ఆవిడ షరతు) నిలకడగా ఉంది. గోళ్ళ చివరలు మొద్దుబారాయి, పేపర్ మీద ఉన్నప్పుడు సూదుల్లా ఉండేవి.

అమ్మాయి స్నేహితురాలు హ్యూస్టన్‌లో క్రెస్టెడ్ గెకో కొనుక్కుంది, ఇదే పాళ్ళు పంపమంది. పంపలేదు. దానికి తేమ కావాలి, కొబ్బరి పొట్టుకి అక్కడ చోటుంది. లెపర్డ్ గెకో ఉన్నవాళ్ళు అడిగితే మాత్రం ముందు వాళ్ళ వెచ్చటి రాయి ఎంత వేడి ఉందో కొలిచి చెప్పమంటున్నాను. అలా అడిగినవాళ్ళలో ఇద్దరి దగ్గర టెంపరేచర్ గన్ కూడా లేదు.

మిగిలిన మిశ్రమం మూత ఉన్న బకెట్‌లో గ్యారేజీలో ఉంది. 55, 30, 15 అని మూత మీద అమ్మాయి రాసింది. దొడ్డి మూల చుట్టూ ఉన్న మట్టి వచ్చే నెల తీసి కొత్తది వేయాలి. జూన్‌లో ఏసీ పెరిగాక గదిలో తేమ ఎలా మారుతుందో చూసి నాచు తడపడం వారానికి ఎన్నిసార్లో అప్పుడు రాస్తాను.